పని వారీగానా, బ్రాంచి వారీగానా, ఇద్దరు బాసులా: ఆర్గ్ చార్ట్ గీసే ముందు

పోయిన నెల ఒక ఆదివారం మా బావమరిది మారతహళ్లి నుంచి బండేసుకుని మా ఇంటికొచ్చాడు. చేతిలో చుట్టచుట్టిన పెద్ద కాగితం. టీ తాగకముందే దాన్ని డైనింగ్ టేబుల్ మీద పరిచి, ఎగరకుండా మూలల్లో ఊరగాయ సీసాలు పెట్టి, "బావా, మీరు ఇరవై ఏళ్లుగా కంపెనీల్లో ఇవే కదా చూస్తున్నారు, ఇది కరెక్టో కాదో చెప్పండి" అన్నాడు. కాగితం నిండా గడులు, గీతలు. ఆర్గ్ చార్ట్, అంటే కంపెనీలో ఎవరు ఎవరి కింద పనిచేస్తారో చూపే బొమ్మ.

వాడికి ఇక్కడ బెంగళూరులో నాలుగు ఆంధ్రా మీల్స్ బ్రాంచీలున్నాయి, మారతహళ్లి, హెచ్‌ఎస్‌ఆర్, బీటీఎం, ఎలక్ట్రానిక్ సిటీల్లో. హూడి దగ్గర షెడ్డు అద్దెకు తీసుకుని సెంట్రల్ కిచెన్ పెట్టాడు. ఇవి కాక పెళ్లిళ్లకీ గృహప్రవేశాలకీ క్యాటరింగ్. అందరూ కలిపి 62 మంది. చార్టులో అందరికంటే పైన వాడు, వాడి కింద పర్చేజ్ హెడ్, కిచెన్ హెడ్, సర్వీస్ హెడ్, అకౌంట్స్ హెడ్. బ్రాంచి మేనేజర్లు మాత్రం అట్టడుగున, ఒక్కొక్కడి నెత్తిమీద నాలుగేసి గీతలు.

నేను ఒక్కటే అడిగాను. "హెచ్‌ఎస్‌ఆర్‌లో మధ్యాహ్నం ఒంటిగంటకి పప్పు అయిపోయింది రా. మేనేజర్ ఎవరికి ఫోన్ చేస్తాడు?"

కాసేపు గీతల వెంట వేలు నడిపి, "నాకే" అన్నాడు.

ఆ సాయంత్రం వాడికి చెప్పినదాన్నే ఇక్కడ కొంచెం సర్ది రాస్తున్నాను. మీది మెస్సు కాకపోవచ్చు, ఔటర్ రింగ్ రోడ్డు మీద ఎనభై మంది సాఫ్ట్‌వేర్ కంపెనీ కావచ్చు, పీణ్యాలో మెషిన్ షాపు కావచ్చు, లెక్క ఒకటే. ముందే చెప్తున్నా, గొడవలు రాని ఆర్గ్ చార్ట్ అంటూ లేదు. ఒక్కో పద్ధతి ఒక్కో రకం గొడవని తీర్చి ఇంకో రకం గొడవని ఇంట్లోకి తెస్తుంది. కాబట్టి ఏ గొడవ మీకు తక్కువ ఖర్చుతో పోతుందో చూసుకోవాలి.

గీతలకంటే ముందు, ఎవరి పని ఎవరి దగ్గర ఆగుతోంది

మేనేజ్‌మెంట్ చదువులో నాకు నిజంగా పనికొచ్చిన ముక్క ఏదంటే, 1967లో జేమ్స్ థాంప్సన్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త చేసిన విభజన. మనుషుల పనులు ఒకదాని మీద ఒకటి మూడు రకాలుగా ఆధారపడతాయన్నాడాయన.

మొదటి రకం, దూరపు చుట్టరికం లాంటిది. హెచ్‌ఎస్‌ఆర్ బ్రాంచికీ బీటీఎం బ్రాంచికీ రోజువారీ పనిలో సంబంధమే లేదు, అక్కడ క్యాషియర్ సెలవు పెడితే ఇక్కడ భోజనం ఆగదు. కానీ బోర్డు మీద పేరు ఒకటే, డబ్బు సంచీ ఒకటే. ఒకచోట సాంబార్లో బొద్దింక వస్తే నాలుగు చోట్లా రేటింగ్ పడుతుంది. ఇలాంటివాళ్లని కలిపి ఉంచడానికి రూల్స్ చాలు. ఒకే కొలతలు, ఒకే రేట్ల పట్టిక, ఒకే క్లీనింగ్ షీటు. రూల్ అనగానే మనకి గవర్నమెంటు ఆఫీసు కిటికీ గుర్తొచ్చి చిరాకేస్తుంది గానీ, జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్ వందేళ్ల కింద రాతపూర్వక నియమాల గురించి అంత రాసింది ఊరికే కాదు, రూల్ లేని చోట ఓనరు మూడ్ రూల్ అవుతుంది.

రెండో రకం, వరస. మార్కెట్ నుంచి కూరగాయలు వస్తేనే కోత, కోస్తేనే వంట, వండితేనే వ్యాను, వ్యాను వస్తేనే బ్రాంచిలో ఆకు వేసేది. వెనకవాడు ముందువాడి కోసం ఆగుతాడు, ముందువాడు వెనకవాడి కోసం ఆగడు. దీనికి టైం టేబుల్ కావాలి. రాత్రి 9 లోపు ఇండెంటు (రేపటికి ఏమేం కావాలో రాసిన పట్టీ), పొద్దున 10.30కి వ్యాను, అంతే. ఇందులో మీటింగులు పెట్టేవాడు టైం వేస్ట్ చేస్తున్నట్టే.

మూడో రకం అసలైన తలనొప్పి, నువ్వు నా మీద, నేను నీ మీద, ఇద్దరం ఒకేసారి. క్యాటరింగే తీసుకోండి. పెళ్లివాళ్లు 400 అన్నారు, బంతిలో చూస్తే 550 మంది. సర్వీస్ కుర్రాడొచ్చి మాస్టర్‌కి చెప్తాడు, మాస్టర్ ఇంకో వాయ బియ్యం పడేయాలంటే స్టోర్లో ఉండాలి, స్టోర్‌వాడు అన్నం తగ్గి పులిహోర పెరిగేలా చూడమంటాడు, అప్పుడు వడ్డన వరస మారుతుంది, దాన్నిబట్టి మళ్లీ వంట మారుతుంది. ఇక్కడ రూలూ పనిచేయదు, టైం టేబులూ పనిచేయదు. ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకోవాల్సిందే. అన్నిటికంటే ఖరీదైన సమన్వయం ఇదే.

థాంప్సన్ సలహా ఏంటంటే, ఈ మూడో రకంవాళ్లని ముందు పట్టుకుని ఒకే గుంపులో, ఒకే మనిషి కింద పెట్టు. తర్వాత వరస పనులవాళ్ల సంగతి చూడు. దూరపు చుట్టరికంవాళ్లని ఎక్కడ పెట్టినా నడుస్తుంది. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. చదివింది ఒకటే కాబట్టి, జీతం గ్రేడు ఒకటే కాబట్టి ఒకలాంటివాళ్లని ఒక గడిలో వేస్తారు, రోజూ మాట్లాడుకోవాల్సినవాళ్లు మూడు గడుల దూరంలో ఉంటారు. సాఫ్ట్‌వేర్లోనూ ఇదే కథ. ఒక ఫీచర్ మీద పనిచేసే ఫ్రంటెండ్ పిల్ల, బ్యాకెండ్ అబ్బాయి, టెస్టర్ ముగ్గురూ మూడో రకం. కానీ ముగ్గురికీ ముగ్గురు మేనేజర్లుంటారు, పక్క సీటువాడితో తేలే ముక్క మూడు మెయిళ్లూ ఒక ఎస్కలేషనూ (పైవాళ్లదాకా ఫిర్యాదు) అవుతుంది.

ఇక అసలు పోలిక.

పని వారీగా విడగొడితే

అంటే కొనేవాళ్లంతా ఒకరి కింద, వండేవాళ్లంతా ఒకరి కింద, వడ్డించేవాళ్లంతా ఒకరి కింద. మా వాడు గీసింది ఇదే. కంపెనీ చిన్నగా ఉండి, అమ్మేది ఒకటే అయినప్పుడు దీన్ని మించింది లేదు. ఒకే పర్చేజ్ మనిషి యశవంతపుర యార్డులో నాలుగు బ్రాంచీలకి కలిపి సోనామసూరి బేరమాడితే వచ్చే రేటు, నలుగురు విడివిడిగా వెళ్తే రాదు. పనితనం కూడా పెరుగుతుంది, పెద్ద మాస్టర్ పక్కన రెండేళ్లు నిలబడిన కుర్రాడు మాస్టర్ అవుతాడు, అదే బ్రాంచిలో ఒంటరిగా ఉంటే పొయ్యి ఆర్పడం వరకే నేర్చుకుంటాడు.

జబ్బు ఎక్కడంటే, ఎవరి డిపార్టుమెంటులో వాళ్లు ఫస్టు క్లాసు, ఆకు ముందు కూర్చున్నవాడు మాత్రం ఎవరికీ చెందడు. పర్చేజ్ హెడ్ వంకాయలు కిలోకి ఆరు రూపాయలు తక్కువకి తెచ్చి మెచ్చుకోలు కొట్టేస్తాడు, అందులో సగం పుచ్చులు ఏరడానికి కిచెన్లో గంట పోతుంది, వ్యాను ఆలస్యం, బ్రాంచిలో కస్టమర్ తిట్టేది సప్లయర్ కుర్రాణ్ని. తప్పెవరిదని అడిగితే నలుగురూ నాలుగు రిజిస్టర్లు తెచ్చి చూపిస్తారు, నాలుగూ కరెక్టే. ఆ తగువు తీర్చగలిగినవాడు అందరికీ పైన ఒక్కడే ఉంటాడు. వాడు ఆ రోజు తిరుపతి వెళ్లాడనుకోండి, పని ఆగుతుంది. "నాకే" అని మా వాడు అన్నది ఇందుకే.

దీనికి పాఠ్యపుస్తకాల్లో బాగా పేరున్న ఉదాహరణ డ్యూపాంట్. అది అసలు పేలుడు మందుల కంపెనీ. మొదటి ప్రపంచ యుద్ధంలో విపరీతంగా పెరిగింది, యుద్ధం ముగిస్తే ఆ ఫ్యాక్టరీలూ మనుషులూ ఖాళీ అవుతారని రంగుల్లోకీ పెయింట్లలోకీ దిగింది. వ్యాపారం మారింది గానీ ఇల్లు నడిపే పద్ధతి మారలేదు, కొనుగోళ్లు ఒకరికి, తయారీ ఒకరికి, అమ్మకాలు ఒకరికి, పాత లెక్కే. మందుగుండు టన్నుల లెక్కన కొనేవాడికి అమ్మడం వేరు, వీధి చివర షాపుకి పెయింటు డబ్బా అమ్మడం వేరు, రెండూ ఒకే సేల్స్ హెడ్ కింద పడ్డాయి. ఫలితం ఏమైందంటే, అదే పెయింటు అమ్మి చిన్న కంపెనీలు లాభం చూస్తుంటే డ్యూపాంట్‌కి అమ్మకాలతో పాటు నష్టాలూ పెరిగాయి. కమిటీ వేస్తే అది ప్రోడక్టు వారీగా విడదీయమంది. పెద్దవాళ్లు వెంటనే ఒప్పుకోలేదు. చేతులు కాలాక, 1921లో ఒప్పుకున్నారు. చరిత్రకారుడు ఆల్‌ఫ్రెడ్ చాండ్లర్ 1962లో ఇలాంటి నాలుగు అమెరికన్ కంపెనీల కథలు పక్కపక్కన పెట్టి చూపించాడు, వ్యాపారం దారి మారాక ఆర్గ్ చార్ట్ దాని వెనకాల, అదీ చాలా ఆలస్యంగా, ఈడ్చుకుంటూ వస్తుందని.

బ్రాంచి వారీగా, ప్రోడక్టు వారీగా

ఇక్కడ హెచ్‌ఎస్‌ఆర్ మేనేజర్‌కే కొనుగోలు, వంట, వడ్డన, లాభనష్టాలు అన్నీ. పప్పు అయిపోతే ఎవడికీ ఫోన్ చేయక్కర్లేదు, వెనక్కి తిరిగి కేకేస్తే చాలు. ఓనర్‌కి సుఖం, నెలాఖరున నాలుగు అంకెలు చూస్తే ఎవడు పనిచేస్తున్నాడో ఎవడు నిద్రపోతున్నాడో తెలిసిపోతుంది. రేపు మేనేజర్లలోంచి ఒకడిని పైకి తేవాలన్నా, మొత్తం షాపు నడిపిన అనుభవం వాడికి ఉంటుంది.

నష్టాలూ తక్కువేం కావు. నాలుగు పొయ్యిలు, నాలుగు గ్రైండర్లు, నాలుగు గోంగూర రుచులు. బీటీఎంవాడు నూనె తన పెదనాన్న కొడుకు షాపులోనే కొంటాడు. మారతహళ్లిలో మంచి దోశ మాస్టర్ ఉన్నాడని తెలిసినా పక్క బ్రాంచికి రెండు రోజులు అప్పివ్వడు, వాడి బోనస్ వాడి బ్రాంచి లాభం మీద కదా. అన్నదమ్ములు వేరు కాపురం పెట్టినట్టే, ఎవరింట్లో వాళ్లు బాగానే ఉంటారు గానీ బావి ఎవరు పూడిక తీయించాలంటే ఎవరూ రారు.

జనరల్ మోటార్స్‌లో 1920లలో దాని అధ్యక్షుడు ఆల్‌ఫ్రెడ్ స్లోన్ చేసింది ఈ బావి సంగతి తేల్చడమే. షెవ్రొలే, బ్యూయిక్, క్యాడిలాక్ ఎవరి బండి వాళ్లే తయారుచేసి అమ్ముకోవాలి, కానీ డబ్బు ఎక్కడ పెట్టాలి, లాభం ఏ లెక్కన కొలవాలి అనేవి మాత్రం కేంద్రం చేతిలో. పూర్తి స్వేచ్ఛ కాదు, పూర్తి పెత్తనమూ కాదు. మన స్థాయిలో దీని అర్థం, బ్రాంచికి ఇవ్వాల్సినవీ ఇవ్వకూడనివీ రెండు జాబితాలు రాసుకోవడం. కొనుగోలు, రెసిపీ, అకౌంట్లు మధ్యలో ఉంచి, మనుషులు, వడ్డన, ఆ రోజు అమ్మకం బ్రాంచికి వదిలేయడం చాలామందికి నప్పుతుంది. చార్టు గీసేవాళ్లలో నూటికి తొంభై మంది గడుల మీద గంటలు గంటలు కొట్టుకుంటారు, ఈ రెండు జాబితాలు మాత్రం రాయరు. నన్నడిగితే గడులు పోయినా ఫర్వాలేదు, జాబితాలు ఉంటే చాలు.

ఎప్పుడు దేన్నుంచి దేనికి మారాలి? నా లెక్కలో తల సంఖ్య కంటే, మీ కస్టమర్లు ఎన్ని రకాలన్నది ముఖ్యం. నాలుగు బ్రాంచీల్లో తినేది ఒకే రకం మనుషులు, ఒకే మీల్స్ అయితే పని వారీగానే ఉండండి, వందమంది దాటినా ఉండండి. క్యాటరింగ్‌లా వేరే కస్టమరు, వేరే వేగం, వేరే రిస్కు ఉన్న పని వచ్చిన రోజున, అది పది మందే అయినా విడదీయండి. 1961లో బర్న్స్, స్టాకర్ అనే ఇద్దరు పరిశోధకులు స్కాట్లండ్ ఎలక్ట్రానిక్స్ కంపెనీల్ని చూసి చెప్పింది దీనికి దగ్గరగానే ఉంటుంది. పని స్థిరంగా ఉండే చోట మెషీన్ లాంటి పద్ధతి, రోజూ మారే చోట వదులుగా, మాట మీద నడిచే పద్ధతి. మీల్స్ లైన్‌ని మెషీన్‌లా నడపాలి, క్యాటరింగ్‌ని అలా నడిపితే పెళ్లివాళ్లు కొడతారు.

ఇద్దరు బాసుల సంసారం

మ్యాట్రిక్స్, అంటే ఒకే మనిషికి ఒకేసారి ఇద్దరు బాసులుండే పద్ధతి, దాని గురించి చెప్పాలంటే నా పాత కంపెనీ గుర్తొస్తుంది, పేరెందుకు లెండి. నాకు ఇక్కడ బెంగళూరులో ఒక మేనేజర్, ఆయనది సాలిడ్ లైన్, అంటే చార్టులో అసలు బాస్. అట్లాంటిక్ అవతల ప్రోడక్టు చూసే ఇంకొకాయన, ఆయనది డాటెడ్ లైన్, అంటే రెండో బాస్. చుక్కల గీత కదా, తేలిగ్గా ఉంటుందనుకున్నాను. పని చెప్పేదంతా ఆయనే, రాత్రి తొమ్మిదిన్నరకి కాల్ పెట్టేదీ ఆయనే. అప్రైజల్ రాసేది మాత్రం నా పని రోజూ చూడని ఇక్కడాయన. ఒక ఏడాది ఆయన "నువ్వు మన టీమ్‌కి టైం ఇవ్వలేదు" అన్నాడు, అదే నెలలో అవతలాయన "బెంగళూరు ఇంటర్నల్ పనులు నిన్ను తినేస్తున్నాయి" అన్నాడు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. నాకు మాత్రం ఆ ఏడాది టెన్షనే మిగిలింది.

ఒక మనిషికి ఒకే బాస్ ఉండాలని ఫ్రాన్స్‌లో గనుల కంపెనీ నడిపిన అన్రీ ఫయోల్ 1916లోనే సూత్రంలా రాశాడు. మ్యాట్రిక్స్ ఆ సూత్రాన్ని తెలిసి తెలిసి ఉల్లంఘిస్తుంది. ఎందుకంటే కొన్ని చోట్ల తప్పదు. ఇస్రో సంగతే చూడండి. ప్రధాన కార్యాలయం మన బెంగళూరులోనే. రాకెట్ పని తిరువనంతపురంలో, ఉపగ్రహం ఇక్కడి యూఆర్ రావు కేంద్రంలో, ప్రయోగం మన శ్రీహరికోటలో. ఒక ప్రాజెక్టు డైరెక్టర్‌కి రాకెట్ ఎగరవేసే బాధ్యత ఉంటుంది గానీ, అందులో పనిచేసే నిపుణుల్లో చాలామంది వేరే వేరే విభాగాలవాళ్లు. ఇంధనం తెలిసినవాళ్లనీ నియంత్రణ వ్యవస్థలు తెలిసినవాళ్లనీ ప్రతి ప్రాజెక్టుకీ విడిగా పెట్టుకోలేరు, అంతమంది ఉండరు, ఉన్నా అంత డబ్బుండదు. అలాగని విభాగాల చేతికే వదిలేస్తే రాకెట్ మొత్తానికి బాధ్యుడు కనపడడు. ఎస్‌ఎల్‌వీ-3 అనే రాకెట్‌కి అబ్దుల్ కలాం ప్రాజెక్టు డైరెక్టర్‌గా ఉన్నప్పుడు 1979 ఆగస్టులో మొదటి ప్రయోగం విఫలమైతే, విలేకరుల ముందు జవాబు చెప్పింది ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధావన్. మరుసటి ఏడాది జూలైలో అది ఎగిరింది. ధావన్ అప్పట్లో ఇక్కడి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టర్ కూడా. ఈ కథ అందరూ నాయకత్వం గురించి చెప్తారు, నాకు మాత్రం అందులో ఆర్గ్ చార్టే కనిపిస్తుంది. రెండు గీతలు కలిసే చోటికి పైన, ఇద్దరు బాసుల మధ్య తగువు తీర్చగల పెద్దమనిషి ఒకడు లేకపోతే మ్యాట్రిక్స్ నిలబడదు.

పెద్దమనిషి ఉన్నా, సైజు పెరిగితే బరువైపోతుంది. స్వీడన్ కంపెనీ ఒకటీ స్విట్జర్లండ్ కంపెనీ ఒకటీ కలిసి 1988లో ఏబీబీ అనే ఎలక్ట్రికల్ పరికరాల కంపెనీ అయినప్పుడు, దాని అధిపతి పెర్సీ బార్నెవిక్ దేశాలు ఒకవైపు, వ్యాపారాలు ఒకవైపు పెట్టి భారీ మ్యాట్రిక్స్ కట్టాడు. ప్రపంచమంతా దాన్ని చూసి ముచ్చటపడింది, బిజినెస్ స్కూళ్లలో పాఠంగా చెప్పారు. ఆయన తర్వాత వచ్చినాయన 1998లో అందులోంచి ప్రాంతాల అంచెనే తీసేశాడు.

కాబట్టి అరుదైన నిపుణుల్ని పంచుకోక తప్పనప్పుడు, రెండు వైపుల ఒత్తిడీ నిజంగా సమానంగా ఉన్నప్పుడు, పైన ఒక ధావన్ ఉన్నప్పుడు మాత్రమే మ్యాట్రిక్స్. మిగతావాళ్లు దూరంగా ఉండండి. పెట్టుకున్నా కనీసం అప్రైజల్ ఎవరు రాస్తారు, సెలవు ఎవరిస్తారు, రెండు పనులు ఒకేరోజు పడితే ఎవరి మాట గెలుస్తుంది, ఈ మూడూ కాగితం మీద రాసి సంతకాలు పెట్టించండి. మా వాడి చార్టులో బ్రాంచి మేనేజర్ నెత్తిన నాలుగు గీతలున్నాయని చెప్పాను కదా, వాడికి తెలియకుండానే నలుగురు బాసుల మ్యాట్రిక్స్ గీశాడు.

ఇక్కడ బాసులే లేరు అనేవాళ్లు

కోరమంగలలో కాఫీ తాగుతూ ఇంటర్వ్యూ చేసే స్టార్టప్పులు ఇలా అంటాయి. పదిమంది ఉన్నప్పుడు నిజమే, అందరూ ఒకే గదిలో ఉంటారు, ఫౌండర్ పక్కనే ఉంటాడు. దాన్ని ఫ్లాట్ అనడం కంటే ఒక్కడి రాజ్యం అనడం న్యాయం, అందులో తప్పేం లేదు, వేగం కూడా ఉంటుంది. నలభై మంది అయ్యాక కూడా అదే మాట అంటుంటే జాగ్రత్త. గూగుల్ తొలి రోజుల్లో ఇంజనీరింగ్ మేనేజర్లని తీసేసి చూసింది, ఖర్చుల బిల్లులూ మనుషుల మధ్య గొడవలూ నేరుగా వ్యవస్థాపకుడు లారీ పేజ్ దగ్గరికే రావడం మొదలైతే కొన్ని నెలల్లోనే వెనక్కి తగ్గింది. చెప్పులమ్మే జాపోస్ కంపెనీ మేనేజర్లు లేని హోలాక్రసీ పద్ధతిలోకి దిగి, 2015లో ఇష్టంలేనివాళ్లు డబ్బు తీసుకుని వెళ్లొచ్చంటే, సుమారు 14 శాతం మంది తీసుకుని వెళ్లిపోయారు.

1970ల మొదట్లో జో ఫ్రీమన్ అనే స్త్రీవాద రచయిత్రి తమ ఉద్యమ బృందాల గురించి రాసిన మాట ఇక్కడ సరిగ్గా సరిపోతుంది. నిర్మాణం లేదని చెప్పుకునే గుంపులో కూడా నిర్మాణం ఉంటుంది, కాకపోతే అది కొద్దిమందికే తెలిసి ఉంటుంది. మన దగ్గర అయితే అది ఫౌండర్‌తో కాలేజీలో హాస్టల్ రూమ్ పంచుకున్న ముగ్గురు. చార్టులో ఉన్న బాస్ మీద కనీసం హెచ్‌ఆర్‌కి కంప్లయింటు రాయొచ్చు.

టీములకి స్క్వాడ్లు, ట్రైబ్‌లు, చాప్టర్లు అని పేర్లు పెట్టుకునేవాళ్లకి ఒక ముక్క. ఆ పేర్లు పాటల యాప్ స్పాటిఫైవి, 2012లో ఆ పద్ధతి గురించి వచ్చిన ఆ పత్రంలోనే, ఇది ఇప్పటి మా ఫొటో మాత్రమే, ప్రయాణం ఇంకా నడుస్తోంది అని రాశారు. ఆ ఫొటోని తెచ్చి ఇక్కడ దేవుడి పటంలా గోడకి కొట్టారు. గమనిస్తే, ఒక పని మీద కలిసి కూర్చునే స్క్వాడ్ ఒకవైపు, ఒకే నైపుణ్యం ఉన్నవాళ్ల చాప్టర్ ఒకవైపు, అది కూడా మ్యాట్రిక్సే, పేర్లు ముద్దుగా ఉన్నాయంతే.

ఒకరి కింద ఎంతమంది

ఇది అందరూ అడుగుతారు, దీనికి ఒక అంకె లేదు. 1933లో గ్రైకునాస్ అనే కన్సల్టెంటు లెక్క కట్టాడు. బాస్‌కి ఒక్కొక్కరితో ఉండే సంబంధాలే కాక, వాళ్లు జతలుగా, గుంపులుగా, తమలో తాము పెట్టుకునేవి కూడా కలిపితే నలుగురికి 44, ఐదుగురికి 100, ఆరుగురికి 222 సంబంధాలవుతాయి. ఉమ్మడి కుటుంబంలో కొత్త కోడలు వచ్చినప్పుడు ఈ లెక్క మన అమ్మలకి చదవకుండానే తెలుసు. కానీ జోన్ వుడ్‌వర్డ్ అనే పరిశోధకురాలు 1950లలో ఇంగ్లండ్‌లో సౌత్ ఎసెక్స్ ప్రాంతంలో వంద ఫ్యాక్టరీలు తిరిగి చూస్తే, భారీ ఎత్తున ఒకే వస్తువు చేసే చోట ఒక సూపర్‌వైజర్ కింద సుమారు 48 మంది, ఆర్డర్ మీద విడివిడిగా చేసే చోట 23, రసాయనాల లాంటి నిరంతర తయారీలో 15. పనిని బట్టి అంత తేడా. కాబట్టి చపాతీ లైన్‌కి ఒకడి కింద పాతిక మంది ఉండొచ్చు, క్యాటరింగ్ కెప్టెన్ కింద ఎనిమిది మంది దాటితే నాకు భయం.

సాఫ్ట్‌వేర్‌వాళ్లకి ఇంకొకటి. 1968లో మెల్విన్ కాన్వే అనే కంప్యూటర్ శాస్త్రవేత్త అన్నమాట, ఒక సంస్థ తయారుచేసే సిస్టమ్ ఆ సంస్థలో మాటలు నడిచే దారుల ఆకారంలోనే వస్తుందని. మూడు టీములు విడివిడిగా ఉంటే యాప్‌లో మూడు లాగిన్ స్క్రీన్లు వస్తాయి, నేను కళ్లారా చూశాను. టీములు ఎలా విడగొట్టాలో తెలియకపోతే మీ ప్రోడక్టు ఎలా విడిపోయి ఉండాలో ముందు గీయండి, మనుషుల్ని ఆ ప్రకారం కూర్చోబెట్టండి.

ఉద్యోగం మారే ఆలోచనలో ఉన్నవాళ్లు దీన్ని తిరగేసి వాడుకోవచ్చు. ఇంటర్వ్యూ చివర "ఏమైనా ప్రశ్నలున్నాయా" అన్నప్పుడు కల్చర్ గురించి అడక్కండి, అందరూ ఒకే జవాబు చెప్తారు. నా అప్రైజల్ ఎవరు రాస్తారు, నాకు రోజూ పని చెప్పేది వాళ్లేనా, పోయినసారి ఇద్దరు మేనేజర్లకి మాట తేడా వస్తే ఎవరు తేల్చారు అని అడగండి. మూడోదానికి ఎదుటివాళ్లు నవ్వి మాట మారిస్తే, జీతం ఎంత ఎక్కువిస్తారో దాన్ని బట్టి ఆలోచించుకోండి. ఇరవై రెండేళ్ల కుర్రాళ్లకి నేనైతే పని వారీ విభాగాలున్న చోటే చెప్తాను, పక్కన తప్పులు దిద్దేవాడుంటాడు. ముప్ఫై దాటి, ఏదో ఒకటి మొత్తంగా నడపాలనుకునేవాళ్లకి ప్రోడక్టు వారీ కంపెనీ మంచిది.

మా వాడు ఏం చేశాడంటే

క్యాటరింగ్‌ని పూర్తిగా వేరు చేశాడు. దానికి సొంత మాస్టర్, సొంత స్టోర్ కుర్రాడు, సొంత సర్వీస్ కెప్టెన్, ముగ్గురూ ఒక్క మనిషి కింద. బ్రాంచీల్లో మనుషులూ అమ్మకమూ మేనేజర్లకి వదిలేశాడు, కొనుగోలు, రెసిపీ, లెక్కలు తన దగ్గర. పప్పు సంగతికి ఒక రూలు పెట్టాం. రెండు క్యాన్ల వరకు బ్రాంచి మేనేజర్ నేరుగా కిచెన్ డిస్పాచ్‌కి ఫోన్ చేసి తెప్పించుకోవచ్చు, ఓనర్‌ని అడగక్కర్లేదు.

మొదటి వారం అది పనిచేయలేదు. కిచెన్‌లో పెద్ద మాస్టరుది నెల్లూరు వైపు, మా వాడు మొదటి బ్రాంచి పెట్టినప్పటి నుంచీ ఉన్నాడు, యాభై దాటాయి. హెచ్‌ఎస్‌ఆర్ మేనేజర్‌కి ఇరవై ఆరు. "రెండు క్యాన్లు పంపండి, రూల్ ఉంది" అని వాడు ఫోన్‌లో అంటే, ఆయన సరేనని ఫోన్ పెట్టేసి పంపలేదు. న్యూజెర్సీ టెలిఫోన్ కంపెనీకి అధ్యక్షుడిగా చేసిన చెస్టర్ బార్నార్డ్ 1938లో రాసింది నాకు అప్పుడు గుర్తొచ్చింది. అధికారం ఆర్డర్ ఇచ్చేవాడి దగ్గర ఉండదు, దాన్ని ఒప్పుకునేవాడి దగ్గర ఉంటుందని. ఇది బావమరిదికి చెప్తే, "బావా, బార్నార్డ్‌ని వదిలేయండి, నేను కుర్రాణ్ని తీసుకెళ్లి పరిచయం చేస్తా" అన్నాడు. తీసుకెళ్లాడు. ఇద్దరూ అక్కడే కూర్చుని టిఫిన్ చేశారట. ఇప్పుడు వాడు "అన్నా, పప్పు" అంటే చాలు, పాతిక నిమిషాల్లో వస్తోంది.

మొన్న రాత్రి మళ్లీ ఫోన్. శ్రావణమాసం ముహూర్తాలు, క్యాటరింగ్‌వాళ్లకి మనుషులు చాలక బీటీఎం నుంచి ఇద్దరు సప్లయర్లని చెప్పాపెట్టకుండా తీసుకెళ్లిపోయారట, ఆదివారం మధ్యాహ్నం బీటీఎం మేనేజరే ఆకులు వేశాడట. "దీనికేం గీత గీయాలి బావా" అంటున్నాడు. ఈ ఆదివారం రమ్మన్నాను. వచ్చేటప్పుడు రెండు వైపుల మేనేజర్లనీ వెంటబెట్టుకు రమ్మన్నాను, కాగితం ఇంట్లోనే ఉంది.